మాత జ్ఞానమ్మగారి జీవితము

లోకమున పేరు గాంచినవారు పెక్కురు గలరు. రాజ్యములు జయించినవారు, గ్రంథములు రచించినవారు, సముద్రములు దాటి క్రొత్త దేశములు కనుగొన్నవారు, వీరి నామములు మన పాఠ్యపుస్తకములలో అచ్చయి యున్నవి. కాని తెల్లవారకముందే లేచి వాకిలి యూడ్చి, పొయ్యి రాజేసి, బిడ్డలకు అన్నము పెట్టి, పొరుగింటి రోగికి గంజి కాచి యిచ్చి, ప్రొద్దుగూకిన పిదప దీపము ముందర కుటుంబముతో కూడ జపమాల చెప్పుకొను గృహిణి పేరు ఏ చరిత్రమునకెక్కును? దినదినము చేయు దయను దప్తరములలో ఎవరును వ్రాయరు. అయినను అట్టి గృహిణులలో నొకతె ఐదుగురు కుమారులను కని పెంచి, భర్తను కోల్పోయి, తన మాతృప్రేమను ఇతరుల బిడ్డలకు పంచి, రెండు కన్యస్త్రీల సభలకు తల్లియైనది. ఆమెయే దైవసేవకురాలు మాత జ్ఞానమ్మగారు. ఆమె చరిత్రము మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును మిక్కిలి ఉపయోగకరమని తలచి సంగ్రహముగా నిచట వ్రాయుచున్నాము.

జ్ఞానమ్మగారు మన జిల్లాలలో పుట్టినవారు కారు. కాని మనకు దూరపువారును కారు. కృష్ణానదికి ఈవలి యొడ్డున మన నల్లగొండ మెట్టలు. ఆవలి యొడ్డున గుంటూరు సీమ. నది దాటి వచ్చి మన జిల్లాలోని నదీతీర గ్రామములలో స్థిరపడిన కథోలిక కుటుంబములు కొన్ని కలవు. వారికిని, ఆ సీమవారికిని నేటికిని పిల్లనిచ్చి పుచ్చుకొను బంధుత్వము కలదు. కనుక నేను చెప్పబోవునది పరదేశపు పుణ్యవతి కథ గాదు. మన ఏటి కవతల నున్న ఒక తల్లి కథ.

ఆమె పుట్టుకకు ముందటి సంగతి కొంత తెలిసినగాని ఆమె చేసిన పని విలువ తెలియదు. పదునెనిమిదవ శతాబ్దారంభమున ఫ్రెంచి యేసుసభ గురువులు దక్షిణమునుండి తెలుగుదేశమున ప్రవేశించిరి. వారు పుంగనూరు మొదలగు చోట్ల నివసించి, తెలుగు నేర్చి, ఈ దేశపు సన్న్యాసులవలె వస్త్రములు ధరించి, మాంసము మాని, సువార్తను బోధించిరి. రాయలసీమలోని కొన్ని రెడ్డి కుటుంబములు వారిచేత జ్ఞానస్నానము పొందెను. తరువాత కరవులకును, కలహములకును తాళలేక ఆ కుటుంబములు బండ్లు కట్టుకొని బయలుదేరి, కొందరు ఉత్తరముగా కొండవీటి సీమకును, కొందరు తూర్పుగా మద్రాసు చేరువనున్న కిలచేరి గ్రామమునకును చేరుకొనిరి. ఇంతలో 1773వ సంవత్సరమున యేసుసభ రద్దు చేయబడెను. ఉన్న గురువులు వృద్ధులై గతించిరి; క్రొత్తవారు వచ్చుట అరుదయ్యెను. ఒక పూజాబలికై నెలల తరబడి వేచియుండవలసిన దినములవి. అట్టి కాలమున విశ్వాసము ఎచట నిలిచెను? ఇండ్లలో నిలిచెను. తల్లులు బిడ్డలకు నేర్పిన పరలోక జపములోను, అవ్వలు మనుమలకు చెప్పిన దేవుని కథలలోను నిలిచెను. గుడి లేనిచోట ఇల్లే గుడియయ్యెను. జ్ఞానమ్మగారు ఇట్టి యింటి బిడ్డ.

ఆమె 1822వ సంవత్సరమున ఫిరంగిపురములో, గాలివారి కుటుంబమున జన్మించెను. ఫిరంగిపురము గుంటూరునుండి నరసరావుపేటకు పోవు దారిలో, కొండవీటి కొండల చెంత నున్న గ్రామము. తెలుగు కథోలికులు బాప్తిస్మమును జ్ఞానస్నానమందురు. ఆ పవిత్ర జలముతో వచ్చు జ్ఞానమే ఆ బిడ్డకు పేరయ్యెను. పేరు పెట్టుట సులభము. పేరునకు తగినట్లు బ్రదుకుట కష్టము. ఆమె బ్రదికెను.

ఆమెకు రమారమి పదేండ్ల ప్రాయమున, 1832, 1833 సంవత్సరములలో, గుంటూరు సీమను ఒక ఘోర క్షామము పట్టెను. నందన నామ సంవత్సరమున వచ్చినది గాన దానిని నందన కరవనిరి. వానలు లేక పైరులెండెను. ధాన్యము కన్నుల కగపడలేదు. ఐదు లక్షల జనము గల ఆ సీమలో లక్షన్నరకు తక్కువ గాకుండ ఆకలికి బలియైరి. దారుల ప్రక్కన శవములు పడియుండిన ఆ దినములు ఆ తరము వారెవ్వరును మరువగలిగినవి కావు. ఆ కరవును దాటి బ్రదికిన బాలికకు గుప్పెడు గింజల విలువయు, దిక్కులేని బిడ్డ యేడుపును వేరొకరు నేర్పనక్కరలేదు. మన పాలమూరు, నల్లగొండ వాసులకు కరవనగా నేమో తెలియును గనుక ఈ మాటను విస్తరింప పని లేదు.

1837వ సంవత్సరమున ఆమెకు ఇన్నయ్యగారితో వివాహమయ్యెను. అప్పటికామెకు పదునైదేండ్లు. ఆ కాలపు ఆచారమట్టిది. నేడు మన దేశపు చట్టము పదునెనిమిదేండ్లు నిండని బాలికకు వివాహము చేయుటను నిషేధించియున్నది. అది మేలైన చట్టము. ఈ విషయమున మాత్రము మన బాలికలు ఆమె నాటి ఆచారమును గాక, ఆమె తరువాత చేసిన పనినే ఆదర్శముగా గొనవలెను. ఆ దంపతుల జీవితము ఫిరంగిపురముతోను, తెలుగు కథోలిక కుటుంబములు నివసించు కిలచేరితోను ముడివడియుండెను. దేవుడు వారికి ఐదుగురు కుమారుల ననుగ్రహించెను.

ఐదుగురు మగబిడ్డల తల్లి దినచర్య యెట్లుండునో మన తల్లులకు తెలియును. నీళ్లు మోయుట, దంచుట, విసరుట, వండుట, పసులకు మేత వేయుట, జ్వరము తగిలిన బిడ్డ ప్రక్కన రాత్రి మేలుకొనుట, ఇవియే పనులు. వీనిలో పుణ్యమేమున్నదని కొందరడుగుదురు. శ్రీసభ బోధ ప్రకారము ప్రేమతో చేసిన చిన్న పనికి దేవుని యెదుట చిన్నతనము లేదు. నజరేతు గ్రామమున దేవమాత చేసిన పనులును ఇట్టివే. ఈ పనుల నడుమ తల్లి నోటినుండి వచ్చు మాట, తల్లి చేతినుండి బీదకు పోవు పిడికెడు బియ్యము, బిడ్డల మనస్సులలో విత్తనములవలె పడును. జ్ఞానమ్మగారి కుమారులలో ఇద్దరు గురుపట్టము పొందిరి. స్వదేశీయ గురువులు బహు కొద్దిమంది యుండిన ఆ కాలమున ఒక్క యింటనుండి ఇద్దరు బలిపీఠమునకు చేరుట సామాన్య విషయము గాదు. వృద్ధాప్యమున తనకు ఆసరా కావలసిన బిడ్డలను దేవుని కర్పించిన తల్లి త్యాగమును ఇక్కడ గమనింపవలెను. కుమారుని వివాహమున ఒక తల్లి పొందు సంతోషమును ఆమె ఇద్దరు కుమారుల విషయమున వదలుకొనెను.

1859వ సంవత్సరమున ఇన్నయ్యగారు పరలోకగతులైరి. జ్ఞానమ్మగారి వయస్సు అప్పటికి ముప్పదియేడేండ్లు. ఆ కాలమున మన దేశమున భర్త పోయిన స్త్రీ బ్రదుకు ఎంత కష్టమైనదో పెద్దలకు తెలియును. వితంతు పునర్వివాహమునకు చట్టము 1856లో వచ్చినను, చట్టము వేరు, లోకము వేరు. శుభకార్యమున ఆమె యెదురు రాకూడదు. పండుగ పూట ఆమె ముందునకు రాకూడదు. మూల గదిలో కాలము గడపవలెను. కథోలిక కుటుంబములు సయితము ఇరుగుపొరుగువారి ఆచారముల నీడనే బ్రదుకుచుండెను. ఇట్టి స్థితిలో జ్ఞానమ్మగారి యెదుట రెండు త్రోవలుండెను. ఒకటి, దుఃఖమును తలచుకొనుచు తన బిడ్డలను మాత్రము చూచుకొనుచు కాలము వెళ్లబుచ్చుట. రెండవది, తన దుఃఖమునే ద్వారముగా చేసికొని ఇతరుల బిడ్డల కొరకు బయటికి వచ్చుట. ఆమె రెండవ త్రోవనే యెన్నుకొనెను.

భర్త గతించిన మూడేండ్లకు, 1862వ సంవత్సరమున, ఆమె ఫిరంగిపురములో బాలికలకు పాఠశాల తెరచెను. నేడు ఈ మాట మనకు సామాన్యముగా దోచును. ఆ కాలపు స్థితి తలచుకొన్న అది ఎంత సాహసమో బోధపడును. పూనా నగరమున ఫూలే దంపతులు బాలికల పాఠశాల ప్రారంభించినది 1848లో. అప్పుడు సావిత్రీబాయిగారు పాఠశాలకు పోవుచుండగా దారిలో జనులు ఆమెపై బురద చల్లిరి. కలకత్తాలో బెథూనుగారి పాఠశాల 1849లో వెలసెను. అవి పెద్ద నగరములు. వాటి వెనుక విద్యావంతులును, ధనికులును ఉండిరి. మన తెలుగు సీమలో స్త్రీవిద్యకై పాటుపడిన మహనీయుడు కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరములో బాలికల పాఠశాల తెరచినది 1874లో. అంతకు పండ్రెండేండ్లు ముందుగానే, ఒక పల్లెటూర, బిరుదములు గాని, ధనబలము గాని లేని ఒక వితంతువు బాలికల చేత అక్షరములు దిద్దించుటకు పూనుకొనెను. క్రైస్తవ మిషనులవారి బాలికల పాఠశాలలు అక్కడక్కడ లేకపోలేదు. కాని దొరసానుల చేత గాక, ఆ గ్రామపు ఆడుబిడ్డ చేతనే ఆ పని జరుగుటలో ప్రత్యేకత గలదు. తమవలెనే చీర కట్టి, తమ మాటయే మాటలాడి, తమవలెనే బిడ్డలను పెంచిన స్త్రీ వచ్చి పిల్లనడిగినప్పుడు తల్లులకు కలుగు నమ్మకము వేరు.

ఆడుపిల్లకు చదువెందులకు, జాబులు వ్రాయుటకా, కచేరీ చేయుటకా అని తలంచు కాలమది. పిల్ల బడికి పోయిన ఇంట నీళ్లు తెచ్చువారెవరు, చంటిబిడ్డ నెత్తుకొనువారెవరు అను చిక్కు వేరొకటి. ఇల్లు నడపుటలోని కష్టసుఖములు తెలియని పండితుడు ఈ చిక్కులను గ్రహింపలేడు. ఐదుగురు బిడ్డల తల్లి గ్రహింపగలదు. సంసారజీవితము ఆమె పనికి అడ్డు రాలేదు; అదియే ఆమెకు శిక్షణ యయ్యెను.

మరుసటి సంవత్సరము, 1863లో, ఆమె కిలచేరి గ్రామమున సయితము బాలికల విద్యకు పునాది వేసెను. గుంటూరు సీమయు, కిలచేరియు రెండును అప్పుడు మద్రాసు మేత్రాణులవారి పాలనలో నుండెను. 1841నుండి 1868వరకు ఆ పీఠమున నున్నవారు జాన్ ఫెన్నెల్లీ మేత్రాణులవారు. పాఠశాల నిలువవలెనన్న ఒక్కరి శ్రమ చాలదు. ఆ సేవకై తమ జీవితములనర్పించు స్త్రీలు ఆమెతో చేరిరి. అట్లు కిలచేరిలో అర్చ్యశిష్ట అన్నమ్మగారి కన్యస్త్రీల సభ ఆరంభమయ్యెను. బీద బాలికలకు విద్య గరపుట, దిక్కులేనివారికి తల్లియగుట, ఇదియే ఆ సభ పని.

ఆ సభకు పాలకురాలుగా అన్నమ్మగారు నిలుచుట యెంత తగియున్నదో చూడుడు. అర్చ్యశిష్ట అన్నమ్మగారు దేవమాత తల్లి, యేసునాథుని అమ్మమ్మ. ఆమె వేదసాక్షిగా ప్రాణమర్పించినది గాదు. అడవులలో తపము చేసినది గాదు. ఒక బిడ్డను కని, పెంచి, దేవుని మాట నేర్పినది. ఆ బిడ్డ లోకరక్షకునికి తల్లియయ్యెను. జూలై 26వ తేదీన ఆమె పండుగ వచ్చినప్పుడు మనము స్మరించునది ఈ గృహధర్మమునే. ఒక తల్లి స్థాపించిన సభకు మరియొక తల్లి పేరే అమరెను.

ఇట్లు పండ్రెండు సంవత్సరములు బాలికల సేవలో గడపి, జ్ఞానమ్మగారు 1874వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన, క్రిస్మసు పండుగకు నాలుగు దినములు ముందుగా, ప్రభువునందు నిద్రించిరి. అప్పటికి వారి ప్రాయము ఏబదిరెండేండ్లు. ఆ సంవత్సరమే ధవళేశ్వరములో వీరేశలింగముగారి పాఠశాల తెరవబడినదని పైన చెప్పితిమి. ఒక దీపము కొండెక్కుచుండగా వేరొక దీపము వెలిగెను.

ఆమె నాటిన మొక్క ఎండిపోలేదు. 1875నుండి మిల్‌హిల్ సభ గురువులు తెలుగు మండలమునకు వచ్చి పని సాగించిరి; 1940లో గుంటూరు మేత్రాసనము వేరుగా ఏర్పడెను. నేడు ఫిరంగిపురము కేంద్రముగా గల అన్నమ్మగారి సభయు, మద్రాసు కేంద్రముగా గల అన్నమ్మగారి సభయు రెండును జ్ఞానమ్మగారినే తమ తల్లిగా స్మరించుచున్నవి. ఆమె గతించిన నూటనలుబది సంవత్సరముల పిమ్మట, 2014లో, ఆమెను అర్చ్యశిష్టుల వరుసలో చేర్చుటకై విచారణ ప్రారంభమై, ఆమెకు దైవసేవకురాలు అను పేరు కలిగెను. ఇది మొదటి మెట్టు. దీని తరువాత గౌరవనీయులు, ధన్యులు, అర్చ్యశిష్టులు అను మెట్లు గలవు. శ్రీసభ ఈ విషయమున తొందరపడదు. జీవితమును, సద్గుణములను, సాక్ష్యములను నిదానముగా పరీక్షించును. బలిపీఠములపై మనము చూచు ప్రతిమలలో గురువులును, కన్యకలును, వేదసాక్షులును పెక్కురు గలరు. ఐదుగురు కుమారులను పెంచిన తెలుగు ఇల్లాలి చరిత్రమును శ్రీసభ పరీక్షకు గైకొనుట మన యిండ్లలోని ప్రతి తల్లికిని గౌరవము.

ఇక ఈ చరిత్రమువలన మనము నేర్చుకొనవలసినదేమి? ఒకటే విషయము. జ్ఞానమ్మగారి జీవితమున కుటుంబపు ప్రతి ఘట్టమును ఆమె హృదయమును విశాలము చేసెను. వివాహము ఆమెను ఒక యింటికి ఇల్లాలిని చేసెను. సంతానము ఆమెకు ఓర్పు నేర్పెను. కుమారుల గురుపట్టము త్యాగము నేర్పెను. భర్త మరణము ఆమెను దిక్కులేనివారికి చుట్టమును చేసెను. ఇల్లు విడిచి పుణ్యము వెదకిన దానికంటె, ఇంటి గోడలనే వెనుకకు జరిపి నలుగురికి చోటు చేసినది ఆమె.

మన యిండ్లలోను ఈ ఘట్టములు వచ్చుచునే యుండును. బిడ్డకు జ్ఞానస్నానము, నూతన దివ్యసత్ప్రసాదము, వివాహము, పెద్దల వర్ధంతి. ఆ దినములలో మనమేమి చేయుచున్నాము? పందిళ్లు వేసి, అప్పు చేసి, నలుగురు మెచ్చుకొనవలెనని విందులు చేయుచున్నాము. అందులో పదియవ వంతు తీసి ఒక బీద బాలిక పుస్తకములకిచ్చిన ఆ పండుగ పరలోకమున సయితము వ్రాయబడును. కుమారుని వివాహమున కట్నము వలదని చెప్పు తండ్రి, 1961నాటి చట్టమునకు మాత్రమే గాదు, సువార్తకును లోబడినవాడగును.

మన సీమలో ఈ పని ఇంకను తీరలేదు. 2016లో జిల్లాలు విభజింపబడకమునుపటి మహబూబునగరు జిల్లాలో, 2011 జనాభా లెక్కల ప్రకారము, ఏడేండ్లు పైబడిన ఆడువారిలో నూటికి నలుబదియైదుగురు సయితము అక్షరాస్యులు కారు. వాన తప్పిన ఏట తల్లిదండ్రులు కూలికై దూరదేశములకు వలసపోవుదురు. పిల్లలు అవ్వల యొద్ద మిగులుదురు. తమ్ముని ఎత్తుకొనుటకై అక్క బడి మానును. నల్లగొండ గ్రామములలో ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు వంగిపోయిన పెద్దలు ఒక కుండ నీళ్లు మోయలేక ఇంటి గడపయందు కూర్చుండియుందురు. బాలబాలికలారా, జ్ఞానమ్మగారి పని చేయుటకు మీరు మద్రాసుకు పోనక్కరలేదు. బడికి వచ్చుచు ఆ అవ్వకు ఒక బిందె నీళ్లు తెచ్చి పెట్టుడు. బడి మానిన పొరుగింటి పిల్లకు సాయంకాలము అరగంట అక్షరములు దిద్దించుడు. ఇంట చెల్లెలికి పాఠము చెప్పుడు. తల్లి చేతిలోని చీపురు తీసికొనుడు. ఇవి చిన్న పనులే. జ్ఞానమ్మగారు ఆరంభించినదియు చిన్న పనితోనే.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి గలదు. ఆడుబిడ్డ పుట్టినదని ముఖము చిన్నబుచ్చుకొనకుడు. ఎనిమిదవ తరగతితో చాలునని ఆమెను బడి మానిపింపకుడు. ఐదుగురు మగబిడ్డలను కన్న జ్ఞానమ్మగారు తన శేషజీవితమును ఇతరుల ఆడుబిడ్డలకొరకు వ్యయపరచెను. మన స్వంత బిడ్డల కొరకు మనమంత మాత్రము చేయలేమా?

ఫిరంగిపురపు ఆ పుణ్యవతి అడుగుజాడలలో మన విద్యార్థినులు నడచెదరు గాకయనియు, మన యిండ్లు ఒక్కొక్కటి జపమునకును, దయకును, చదువునకును నిలయమగు గాకయనియు, అర్చ్యశిష్ట అన్నమ్మగారి ప్రార్థనలచేత సర్వేశ్వరుడు మనల నందరిని దీవించును గాకయనియు కోరుచు ఈ చరిత్రమును ముగించుచున్నాము.